మన రాళ్లు, అస్సాం వెళ్లిన మనవాళ్లు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. హాస్టల్ వార్డెన్‌ని కాబట్టి గంట కొట్టేలోపు ముగించడం నాకు అలవాటే. ఈరోజు మాత్రం ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైతే ఓర్చుకోండి.

నేను సీతంపేట మన్యంలో సవర ఇంట్లో పుట్టాను. ఆశ్రమ పాఠశాలలో చదివాను, బీఈడీ చేశాను, ఇప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో పనిచేస్తున్నాను. చరిత్రకారిణిని కాను. నేను చెప్పబోయేది మా పిల్లలు, నేను కలిసి సెలవు రోజుల్లో చేసిన ఒక చిన్న పని గురించి, అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి.

మూడేళ్ల కిందట ఒక రాత్రి స్టడీ అవర్‌లో ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. అవతల ఒక అబ్బాయి హిందీలో మాట్లాడుతున్నాడు. ఎగువ అస్సాంలో టీ తోట లైన్లలో ఉంటారట. మా హాస్టల్లో చదివి ఇప్పుడు విశాఖలో నర్సింగ్ చేస్తున్న అమ్మాయి ఎక్కడో పరిచయమై నా నంబరు ఇచ్చిందట. వాళ్ల నానమ్మకు ఎనభై దాటాయి. మంచం దిగలేదు. ఆమె రోజూ ఒకటే అడుగుతోందట: "మా నాన్న ఊళ్లో మా నాన్నకు రాయి పెట్టారా, లేదా?"

ఆ అబ్బాయికి ఆ మాట అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. మన దగ్గర మనిషి పోతే దహనం చేస్తాం. అక్కడితో అయిపోదు. తర్వాత గువార్ చేసి, రాయి నిలబెట్టి, పోయినవాళ్లను పెద్దల్లో కలుపుకుంటాం. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు వస్తుంది. రాయి పడని మనిషి ఎక్కడో తిరుగుతూనే ఉన్నట్టు లెక్క. ఆమె నాన్న అస్సాంలో పోయాడు. అక్కడ తోటలో గువార్ చేసేవాళ్లు లేరు. సొంత ఊళ్లో అన్నదమ్ములు చేశారేమోనని ఎనభై ఏళ్ల మనిషి ఎదురుచూస్తోంది.

ఊరు ఏదని అడిగాను. "పాల్కొండా. మద్రాస్." అంతే. కొండ మీద ఊరు, కింద గెడ్డ, ఊరి బయట రాళ్లు. మన మన్యంలో ఏ ఊరు అలా ఉండదు చెప్పండి?

మనవాళ్లు అస్సాం ఎందుకు వెళ్లారో మీలో చాలామందికి తెలియదు, పాఠ్యపుస్తకంలో లేదు కాబట్టి. బ్రిటిష్ కాలంలో అస్సాం తేయాకు తోటలకు కూలీలు కావాలి. అక్కడి రైతులు ఆ పనికి రాలేదు. దాంతో ఛోటానాగపూర్ నుంచి, సంతాల్ పరగణాల నుంచి, మధ్య భారతం నుంచి, మన వైపు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనుషుల్ని తీసుకెళ్లారు. తీసుకెళ్లిన దళారీని అర్కాటీ అనేవాళ్లు. తర్వాత తోటలో పనిచేస్తున్న మనవాడినే సర్దార్ అని పేరుపెట్టి ఊరికి పంపేవాళ్లు. వాడు కొత్త పంచె కట్టుకుని వచ్చి అక్కడ అన్నం దొరుకుతుందని చెప్పేవాడు. ఇక్కడ పంట పోయి, షావుకారి అప్పు మీదపడి, అడవిలో పోడు కొట్టొద్దని గార్డు వెంటపడుతున్న రోజుల్లో ఆ మాట ఎవరికైనా చెవికెక్కుతుంది. చికాకోల్ రోడ్డు స్టేషన్‌లో, అంటే ఇప్పటి ఆమదాలవలసలో, రైలెక్కితే కలకత్తా. అక్కడి నుంచి ఇంకా రైళ్లు, స్టీమర్లు.

ఒప్పందం చేసుకుని పని వదిలేస్తే నేరమని 1859లోనే చట్టం తెచ్చారు. 1901లో అస్సాం కూలీల కోసం ఇంకో చట్టం. 1932 చట్టంలో మాత్రం ఒక మంచి మాట పెట్టారు. అస్సాం చేరి మూడేళ్లు పనిచేసిన కూలీ తిరిగి వెళ్తానంటే యజమానే ఖర్చు పెట్టుకుని పంపాలి. కొందరు అలా తిరిగొచ్చారు. చాలామంది రాలేదు. అక్కడే పెళ్లిళ్లు, పిల్లలు, అక్కడే చావు. ఈ "కొందరు తిరిగొచ్చారు" అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. నా తప్పు అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ నానమ్మ తండ్రి ఊరు ఎలా పట్టుకోవాలి?

ఇలాంటి పని ప్రపంచంలో చాలామంది చేస్తున్నారు. అమెరికాలో మామూలు జనం ఆదివారం స్మశానానికి వెళ్లి సమాధుల మీది పేర్లు ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెడతారు. ఫైండ్ ఎ గ్రేవ్ అనేది 1995 నుంచి ఉంది. యూరప్ వదిలి చెల్లాచెదురైన యూదులు తమవాళ్ల సమాధులను దేశదేశాల్లో అలాగే నమోదు చేసుకుంటున్నారు. వలస వెళ్లిన కుటుంబానికి తాత ఏ ఊరినుంచి వచ్చాడో చాలాసార్లు సమాధి రాయే చెబుతుంది. మన తెలుగువాళ్లలో కూడా ఉంది ఈ వెతుకులాట. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు మొదటి కూలీలను తీసుకెళ్లింది. 1911 దాకా అలా 1,52,184 మంది వెళ్లారు. ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాసిన ఓడ జాబితాలు ఉన్నాయి. వాటిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల ఊళ్లు చాలా కనిపిస్తాయి. ముత్తాత నంబరు దొరికితే డర్బన్‌లో ఉన్న మనవడు ఇక్కడి ఊరి పేరు చదువుకోవచ్చు. బర్మా సంగతి సరేసరి. కంచరపాలెంలో బర్మా క్యాంపు అంటే ఆటోవాళ్లకు కూడా తెలుసు.

కానీ అస్సాం బండెక్కిన మనవాళ్లకు ఓడ జాబితా లాంటిది ఉందేమోనని నేను అడిగిన ఏ ఇంట్లోనూ ఒక్క కాగితం ముక్క దొరకలేదు. ఇక మన రాళ్లు. మన రాళ్ల మీద అక్షరం ఉండదు. అడవి రాయి, మనిషి నడుమంత ఎత్తు కొన్ని, మోకాలంత కొన్ని, పడిపోయినవి కొన్ని. ఫొటో తీస్తే వచ్చేది రాయి బొమ్మే. పేరు పక్కన నిలబడ్డ ముసలివాళ్ల నోట్లో ఉంది. వాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో పోతున్నారు.

అందుకే మొదలుపెట్టాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఏడుగురు. దసరా సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లు వెళ్తారు కదా, వెళ్లి రాళ్లు లెక్కపెట్టి రమ్మన్నాను. నోటు పుస్తకం, పెన్సిలు, కొలత టేపు. ఇంటివాళ్ల ఫోన్ ఉంటే ఫొటో.

మొదటిసారి అందరూ తిట్లు తిని వచ్చారు. ఒక పాప రాళ్లమీద సుద్దముక్కతో 1, 2, 3 అని నంబర్లు వేసింది. ఊరి పెద్దలు నాకు కబురు పంపారు. వెళ్లాను. ఎజ్జోడు నన్ను కూర్చోబెట్టి, "మీ అమ్మ నుదుటి మీద నంబరు వేస్తావా?" అన్నాడు. తప్పయిందని చెప్పి, నీళ్లు తెచ్చి పిల్లలతోనే కడిగించాను. ఆరోజే ఆయనే కూర్చుని మాకు పని నేర్పాడు. ముందు ఊరికి చెప్పాలి. పెద్దలకు కల్లో, బెల్లమో, ఏది ఆనవాయితీ అయితే అది పెట్టాలి. చెప్పులు విడవాలి. కొన్ని పేర్లు గట్టిగా పలకకూడదు, చెవిలో చెబుతారు, రాసుకోవాలి. నంబరు కాగితం మీద గీసిన పటంలో వేసుకోవాలి, రాయి మీద కాదు. నా శిక్షణ కాలేజీలో లెసన్ ప్లాన్ ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి ఒక్కో ఊరికి ఒక్కో పటం. తూర్పు ఎటో గుర్తు, గెడ్డ ఎటో గుర్తు, ప్రతి రాయికీ పటంలో ఒక చుక్క. ఫొటో తీసేటప్పుడు పక్కన మీటరు కర్ర నిలబెడతాం. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేస్తే అక్షాంశ రేఖాంశాలు ఫొటోతోపాటే పడతాయి. పుస్తకంలో ఎవరి రాయి, ఎవరు చెప్పారు, చెప్పినవాళ్లకు ఆ మనిషి ఏమవుతారు, చెప్పినవాళ్లు కళ్లారా చూశారా, ఎవరినుంచైనా విన్నారా అన్నవి రాస్తాం. ఈ చివరిది మా పదో తరగతి పాప పెట్టిన గడి. సైన్స్ రికార్డులో పరిశీలన వేరు, ఊహ వేరు కదా మేడమ్ అంది.

కొన్ని తమాషాలు కూడా జరిగాయి. ఒకావిడ రెండు ఊళ్ల లెక్కలోనూ వచ్చింది. రెండుసార్లు చనిపోయిందా అని పిల్లలు నవ్వారు. అడిగితే అత్తింటివాళ్లు ఒక రాయి పెట్టారు, పుట్టింటి అన్నదమ్ములు మా ఆడపిల్ల మాకు కావాలని వాళ్ల ఊళ్లో ఇంకో రాయి పెట్టుకున్నారు. మనిషి ఒకరే, రాళ్లు రెండు. అలాగే మా చిన్నమ్మ క్రైస్తవురాలు. రాళ్ల దగ్గరికి రానంది. కానీ చర్చి పక్కన సమాధుల తోటలో టేపు పట్టుకుని ఒక పూటంతా మాతో నిలబడింది. అక్కడ సిలువల మీద తెలుగు అక్షరాలున్నాయి, తేదీలున్నాయి. సున్నం రాలిపోయి కొన్ని చదవడానికి లేవు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూస్తే చెక్కిన గీతలు కనిపిస్తాయి. గీకొద్దు, ఆసిడ్ పోయొద్దు. రాళ్లు పెట్టే ఊరైనా, సమాధులు కట్టే ఊరైనా అందరూ మన పెద్దలే. నమోదులో ఇద్దరికీ ఒకటే పుస్తకం.

ఇక పేర్ల చిక్కు. మనలో చాలామంది ఇంటిపేరు "సవర" అనే ఉంటుంది. అది ఇంటిపేరు కాదు, తెగ పేరు. బడి రిజిస్టరు రాసినాయన ఇంటిపేరు గడి ఖాళీగా ఉండకూడదని తెగ పేరు వేసేశాడు. మా హాస్టల్లో ఒక ఏడాది నలుగురు సవర లక్ష్ములు. అన్నం పళ్లేలు కలిసిపోయేవి. మనలో మనకు తెలిసిన గుర్తు బిరిండా, అంటే ఒక తాత సంతానం, ఒకే చోట రాళ్లు పెట్టుకునే చుట్టరికం. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఇంక పుట్టినవారం పేర్లు. సోమవారం పుడితే సోమయ్య, బుధవారం పుడితే బుధయ్య. దానికి తోడు పోయినవాళ్ల పేరు మళ్లీ పుట్టినవాళ్లకు పెడతాం. అంటే ఒకే ఇంట్లో తాత సోమయ్య, మనవడు సోమయ్య, వాడి మనవడూ సోమయ్యే. పేరు కలిసిందని మనిషి కలిశాడనుకోవడానికి లేదు.

ఊరి పేరు కలిసినా జిల్లా కలవదు. పాలకొండ వైపు మన ఊళ్లు మొదట విశాఖపట్నం జిల్లా. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు సవరల ఊళ్ల మధ్యనుంచే గీత పడింది. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒక గెడ్డకు ఇటూ అటూ వేరే రాష్ట్రాలయ్యారు. 1950లో మనం శ్రీకాకుళం జిల్లా అయ్యాం, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. కాబట్టి అస్సాంలో ఎవరైనా "వైజాగ్ జిల్లా, మద్రాస్" అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల తాత బయల్దేరిన రోజున అది అంతే.

ఇప్పుడు ఆ నానమ్మ దగ్గరకు వస్తాను. ఒక ఆదివారం వీడియో కాల్ పెట్టారు. ఆమెకు హిందీ అంతంతమాత్రం, సాద్రి మాట్లాడుతుంది. నాకు సాద్రి రాదు. సవర వచ్చా అని అడిగించాను. తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు నాన్న ఏమైనా నేర్పాడా అంటే కాసేపు ఆలోచించి, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. "అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి..." మా పిల్లలు ఊపిరి బిగబట్టారు. మన లెక్క మీకు తెలుసు కదా, పన్నెండు దాకా వెళ్లి, పన్నెండు మీద ఒకటి అని పదమూడు అంటాం. ఆమె మిగ్గల్ దగ్గర ఒక్క క్షణం ఆగి, "మిగ్గల్‌బోయ్" అంది. మా పాపలు చప్పట్లు కొట్టారు. ఆమె అక్కడ నోరంతా తెరిచి నవ్వింది. అందరం ఏడ్చాం, నేను కూడా.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఆ పుస్తకాల్లో ఉన్న మాటలు ఈమె నోట అస్సాంలో బతికున్నాయి. కానీ టీచరుగా నేను ఆరోజు ఆలోచించాల్సింది ఒకటుంది. లెక్క రావడం ఆమె సవర ఇంటి బిడ్డ అనడానికి గట్టి సాక్ష్యం. ఫలానా ఊరు అనడానికి అది సాక్ష్యం కాదు. ఆ సంబరంలో నేను ఈ తేడా మరిచిపోయాను.

ఆమె తండ్రి పేరు వాళ్లు సోంబారు అన్నారు. అంటే మన సోమయ్య. మా పిల్లల పుస్తకాల్లో ఒక ఊరి పటంలో ముప్ఫై ఒకటో రాయి దగ్గర "సోమయ్య, అస్సాం వెళ్లాడు" అని రాసి ఉంది. అన్న పేరు కూడా కలిసినట్టే అనిపించింది. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పేశాను. రాయి ఉందమ్మా, మీ నాన్నకు రాయి పెట్టారు అని. ఫొటో పంపాను. ఆ ఇంట్లో పండగ చేసుకున్నారు. లైన్లలో మిఠాయి పంచారట. ఆ రాయి దగ్గర మేకపోతును కోయమని రెండువేలు పంపారు. టీ తోట కూలీ ఇంట్లో రెండువేలంటే ఎన్ని రోజుల ఆకు కోతో మీరు ఊహించుకోండి.

డబ్బు పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. అక్కడ ఒక తాత చెట్టు కింద గంప అల్లుతున్నాడు. ముప్ఫై ఒకటో రాయి చూపించి అడిగాను. "ఆ సోమయ్యా? అస్సాం వెళ్లాడు. మూడేళ్లకు తిరిగొచ్చాడు. నా చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పాడు. ఇక్కడే జ్వరంతో పోయాడు. గువార్‌లో నేను డప్పు కొట్టాను" అన్నాడు.

పాప పుస్తకంలో ఏం రాసిందో మళ్లీ చూశాను. చెప్పింది ఒక్క మనిషి. "అస్సాం వెళ్లాడు" అనగానే పాప సంతోషంతో రాసేసి లేచిపోయింది. తర్వాత ఏమయ్యాడని అడగలేదు. పాపను నేనేమీ అనలేదు. పద్నాలుగేళ్ల పిల్ల. నలభై దాటిన నేను రెండో మనిషిని అడగకుండా అస్సాం ఫోన్ ఎందుకు కలిపాను?

డబ్బు తిరిగి పంపాను. ఫోన్ చేసి చెప్పాను. ఆ అబ్బాయి "పర్వాలేదు దీదీ" అన్నాడు. నానమ్మ మాత్రం నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. దొరికిన తండ్రిని మళ్లీ పోగొట్టింది నేనే. ఈ సభలో ఈ సంగతి చెప్పకుండా వదిలేయొచ్చు. కానీ మీరు రేపు ఇదే పని చేస్తారు, మీ చేతిలో ఫోన్ నాకంటే వేగంగా కదులుతుంది. అందుకే చెబుతున్నాను. ఇప్పుడు మా పద్ధతి ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు చెప్పాలి. ముగ్గురి మాటా విడివిడిగా రాయాలి. కలవకపోతే కలవలేదనే రాయాలి. అది పూర్తయ్యేదాకా బయటివాళ్లకు ఒక్క మాట చెప్పం.

ఇంకో సంగతి. ఆ అబ్బాయి తర్వాత ఒకరోజు మొహమాటంగా అడిగాడు. ఊరు దొరికితే తనకు ఎస్టీ సర్టిఫికెట్ వస్తుందా అని. అస్సాంలో తేయాకు తోటల ఆదివాసులు ఎస్టీలు కారు, ఓబీసీలో ఉన్నారు. ఏళ్ల తరబడి ఎస్టీ హోదా అడుగుతూనే ఉన్నారు. అదే రక్తం, ఇక్కడ మనకు హాస్టల్, స్కాలర్‌షిప్, ఉద్యోగంలో రిజర్వేషన్. అక్కడ వాడికి ఎస్టీ హోదా లేదు. నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ తెలిసినంతలో నిజం చెప్పాను. ఎస్టీల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. 1950 సెప్టెంబరు 6న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినప్పుడు కుటుంబం స్థిరంగా ఎక్కడ ఉందన్నది చూస్తారు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే ఆ హోదా అక్కడ వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడి ముత్తాత 1950కి ముందే వెళ్లిపోయాడు. రాయి దొరికినా సర్టిఫికెట్ దొరకదు నాన్నా అన్నాను. కాసేపు ఆగి, "నానమ్మకు దొరికితే చాలు" అన్నాడు. ఈ పని పేరు చెప్పి సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్లు వస్తారు. జాగ్రత్త.

అయితే ఇక్కడున్న మనకు మాత్రం ఈ పటాలు కాగితాల్లో కూడా పనికొస్తాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు దరఖాస్తు చేసేటప్పుడు ఏ సాక్ష్యాలు పెట్టొచ్చో నిబంధన 13లో ఉంది. అందులో పాతకాలపు ఉనికిని చూపే బావులు, స్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. వంశవృక్షం ఉంది. పెద్దల మాటను రాతలో పెట్టినదీ ఉంది. అంటే మన రాళ్లు, మన బిరిండా చెట్టు, చెట్టు కింద గంప అల్లే తాత మాట, మూడూ చట్టం ఒప్పుకునే సాక్ష్యాలే. 2005 డిసెంబరు 13కు ముందునుంచి భూమి మన స్వాధీనంలో ఉందని చూపించాలి. ఒక్క రాళ్లతోనే పట్టా వస్తుందని నేను చెప్పను. మిగతా సాక్ష్యాలతో కలిపి గ్రామసభ ముందు పెట్టాలి. ఒక ఊళ్లో దరఖాస్తుకు మా పటం జతచేశారు. ఇంకా తేలలేదు.

మరి రాళ్లు ఉంటేనే కదా. కిందటి వేసవిలో ఒక ఊరికి రోడ్డు పని వచ్చింది. ఎన్నేళ్లనుంచో అడుగుతున్న రోడ్డు. డోలీ మోసి మోసి భుజాలు కాయలు కాసిన ఊరు అది. జేసీబీ డ్రైవరు పాపం ఏ ఊరివాడో, అవి మామూలు రాళ్లనుకుని కొన్నింటిని పెకలించి గొయ్యిలో నింపాడు. ఊరు గొల్లుమంది. కొందరు కుర్రాళ్లు రోడ్డే వద్దన్నారు. నేను ఒప్పుకోను. నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊరికి రోడ్డు కావాలి. మా దగ్గర పటం ఉంది. ఎక్కడ ఏ రాయి ఉందో కొలతలతో ఉంది. పెద్దలు, ఎజ్జోడు, ఇంజనీరు ముగ్గురినీ కూర్చోబెట్టి పటం పరిచాం. మిగిలిన వరస దగ్గర రోడ్డు కొంచెం మళ్లింది. గొయ్యిలో పడ్డవాటిలో నాలుగు దొరికాయి. ఏది ఎవరిదో మీటరు కర్ర ఉన్న ఫొటోలు చూసి పెద్దలు గుర్తుపట్టారు. రెండు ముక్కలైపోయాయి. పటం లేని ఊళ్లో ఇదే జరిగితే ఎలా ఉండేదో మీరే ఆలోచించండి.

తమ్ముళ్లకు ఒక్క మాట కటువుగా చెబుతాను, వార్డెన్‌ని కదా. రాళ్ల దగ్గర పాట పెట్టి రీల్స్ చేయొద్దు. ఒక అబ్బాయి చేశాడు, లక్ష మంది చూశారట. వారం తిరగకుండా బయటివాళ్లు బైకుల మీద వచ్చి రాళ్లెక్కి సెల్ఫీలు దిగారు. లొకేషన్ ఉన్న ఫొటోలు ఊరి దగ్గర, సంఘం దగ్గర ఉండాలి. అందరికీ చూపించాలా వద్దా అన్నది ఆ ఊరి పెద్దలు చెప్పాలి. మేము రెండు కాపీలు పెడతాం. ఒకటి ఊళ్లో ట్రంకు పెట్టెలో కాగితం మీద, ఒకటి పెన్ డ్రైవ్‌లో. పెన్ డ్రైవ్ ఒకటి పోయింది కూడా. కాగితమే మిగిలింది.

నానమ్మ సంగతి ఏమైందని మీరు అడుగుతారు. గెడ్డకు అవతల, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఒక ఊరుంది. మా హాస్టల్లో కొత్తగా చేరిన ఏడో తరగతి పాప అమ్మమ్మ ఊరు. అక్కడ వరస చివర ఒక చిన్న రాయి ఉంది. మోకాలంత కూడా లేదు. అది ఎవరిదంటే ఊరివాళ్లు, "రైలెక్కి రాని వాడిది" అన్నారు. మనిషి రాలేదు, కబురూ రాలేదు. చాలా ఏళ్లు చూసి, అన్న పోయినప్పుడు అన్నకు పెట్టిన గువార్‌లోనే తమ్ముడికీ ఒక రాయి నిలబెట్టారట. పేరు సోమయ్య. అన్న పేరు నానమ్మ చెప్పిన పేరే. ఇద్దరు విడివిడిగా చెప్పారు. మూడో మనిషి ఆ అన్న కూతురు. పెళ్లై ఒడిశా వైపు ఊళ్లో ఉంది, చెవులు సరిగా వినబడవు. అక్కడికి నడిచే వెళ్లాలి.

అస్సాంకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ అబ్బాయి పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి నానమ్మ బాగుందంటాడు. రాయి గురించి అడగడు, నేనూ ఎత్తను. హాస్టల్ పిల్లలకు కూడా గట్టిగా చెప్పాను. ఆమెకు ఎనభై దాటాయి, నాకు భయంగానే ఉంది. వానలు తగ్గగానే, రెండో శనివారం, తెల్లారి అయిదు గంటలకు సీతంపేట నుంచి బయల్దేరుతున్నాం. ఒడిశా వైపు సవర బాగా మాట్లాడేవాళ్లు, చెవులు వినబడని పెద్దమ్మతో ఓపిగ్గా కూర్చోగలిగేవాళ్లు ఇద్దరు కావాలి. మంచినీళ్లు, చోడి అంబలి మేమే తెస్తాం. వస్తామనుకునేవాళ్లు సంఘం కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి.